నేలబారు టూ సీటర్ కారుకు ఎగ్జాస్ట్ లైను ఎటు నుంచి తీయాలి? (1.3 లీటర్లు, ముందు ఇంజిను)

నేలబారు_కారు · విజయనగరం

అందరికీ నమస్కారం. నెల్లిమర్ల రోడ్డులో మా మామిడితోట షెడ్డులో నేనూ మా బావా కలిసి ఒక టూ సీటర్ స్పోర్ట్స్ కారు కడుతున్నాం. చదరపు ట్యూబులతో ఛాసీ, ముందు ఇంజిను, వెనక చక్రాలకు డ్రైవ్, పైకప్పు లేదు. పాత జీపు నుంచి తీసిన 1298 సీసీ నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజిను, దాని గేర్‌బాక్సు, దాని వెనక యాక్సిల్ వాడుతున్నాం. ఛాసీ, సస్పెన్షన్ పూర్తయ్యాయి. ఇంజిను మౌంట్ల మీద కూర్చుంది. బాడీ రేకు ఇంకా కొట్టలేదు.

పని ఎగ్జాస్ట్ దగ్గర ఆగింది. కొలతలు ఇవి: వీల్‌బేస్ 2300 మి.మీ., ఛాసీ అడుగు నుంచి నేలకు 115 మి.మీ. ఎగ్జాస్ట్ పోర్టులు (ఇంజినులోంచి పొగ బయటికొచ్చే కంతలు) ఎడమ వైపు ఉన్నాయి. పోర్టు ముఖం నుంచి ఛాసీ ట్యూబు దాకా 90 మి.మీ. ఖాళీ ఉంది. పెట్రోల్ ట్యాంకు సీట్ల వెనక, యాక్సిల్ పైన నడుమకు పెడదామనుకున్నాం, ఇంకా బిగించలేదు.

మాకు రెండు దారులు కనిపిస్తున్నాయి. ఒకటి, మామూలు కార్లలాగే అడుగు నుంచి వెనక్కి. రెండు, ఇంజిను పక్క రేకులోంచి బయటికి తీసి, ఎడమ సీటు పక్కన సైలెన్సర్ పెట్టి, వెనక చక్రానికి ముందే పక్కకు వదిలేయడం. పాత లోటస్ సెవెన్ కార్లు చాలావాటిలో అలాగే ఉండేది. మానిఫోల్డ్ (పోర్టులకు బిగించే పైపుల గుత్తి) 4-1 మేలా, అంటే నాలుగు పైపులూ ఒకేసారి ఒకటవ్వాలా, 4-2-1 మేలా, అంటే ముందు రెండై తర్వాత ఒకటవ్వాలా అన్నదీ తేలలేదు. మైల్డ్ స్టీలా, స్టెయిన్‌లెస్సా? బడ్జెట్ 25 వేలు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

సాలూరు_షెడ్డు · సాలూరు

తమ్ముడూ, అడుగు నుంచి తీసే ఆలోచన మానేయ్. 115 అంటున్నావు, అది ఛాసీ ట్యూబు కొలత. దాని కింద 50 మి.మీ. పైపు, దానికో క్లాంపు వేలాడదీస్తే మిగిలేది 55. మన ఊళ్లలో పంచాయతీ వాళ్లు పోసే స్పీడు బ్రేకరు మీద మొదటి వారంలోనే సైలెన్సర్ ఊడుతుంది. లారీకి పైపు ఊడితే తీగతో కట్టుకుని షెడ్డుకు వస్తారు. నీ కారులో పైపు వంగితే ఆ దెబ్బ నేరుగా హెడ్డు స్టడ్ల మీద, అంటే పైపును ఇంజిను హెడ్డుకు పట్టి ఉంచే మరల మీద పడుతుంది. అల్యూమినియం హెడ్డులో స్టడ్ విరిగిందంటే ఆ పని ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు.

లెక్కల_మేడం · విజయనగరం

సాలూరు అన్న చెప్పినదాన్ని అంకెల్లో చూద్దాం.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం గుండ్రటి స్పీడు బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెం.మీ. ఎత్తు ఉండాలి. అంటే అది 17 మీటర్ల వ్యాసార్ధం ఉన్న వృత్తంలో ఒక ముక్క. మీ వీల్‌బేస్ 2.3 మీటర్లు. రెండు చక్రాలూ ఆ వంపు మీద ఉన్నప్పుడు నడిమి భాగం పైకి పొడుచుకొచ్చేది 2.3 వర్గాన్ని 17కి 8 రెట్లతో భాగిస్తే వస్తుంది, సుమారు 39 మి.మీ. మీ 115లోంచి 39 తీసేస్తే ఇంకా 76 మిగులుతుంది. కాబట్టి ప్రమాణం ప్రకారం కట్టిన బ్రేకరు మీ కారును ఏమీ చేయదు.

కష్టమంతా ఇరుకు బ్రేకర్లతోనే. అదే 10 సెం.మీ. ఎత్తును ఒక మీటరు వెడల్పులో పోశారనుకోండి. రెండు చక్రాలూ అటూ ఇటూ చదును నేల మీద ఉంటాయి, మధ్యలో 100 మి.మీ. గుట్ట. మిగిలేది 15 మి.మీ. ఇద్దరు మనుషులు కూర్చుని, స్ప్రింగులు కాస్త దిగితే అదీ ఉండదు. అంటే ఛాసీ ట్యూబే తగిలే చోట దానికంటే కిందికి పైపు అన్నది ఆలోచించకూడని విషయం. నా సలహా ఒక్క వాక్యంలో: ఈ కారులో ఎగ్జాస్ట్‌కు సంబంధించిన ఏ ముక్కా, బోల్టు తల కూడా, ఛాసీ అడుగు గీత దాటి కిందికి రాకూడదు. సంప్ (ఇంజిను అడుగున ఉండే ఆయిలు తొట్టి) కూడా ఒకసారి కొలవండి, అది ఆ గీత కిందికి వచ్చి ఉంటే ముందు దాని సంగతి చూడాలి.

బాడీ రేకు కొట్టకముందే అడిగారు, అది చాలా మంచి పని. ఇలాంటి కారులో ముందు ఎగ్జాస్ట్ దారి తేలాలి. బ్రేకు పైపు, పెట్రోల్ పైపు, ట్యాంకు, రేకులో కంతలు అన్నీ దాన్ని బట్టి సర్దుకోవాలి.

బీటు_బాబు · బొబ్బిలి

అన్నా, పక్కకే తీసెయ్. సైలెన్సర్ కూడా ఎందుకు, చిన్న ఎండ్ క్యాన్ ఒకటి పెడితే సౌండు అదిరిపోతుంది. బ్యాక్ ప్రెషర్ (పొగకు ఎదురయ్యే అడ్డు) తగ్గితే పవర్ కూడా వస్తుంది కదా.

రూలుబుక్కు · శ్రీకాకుళం

పక్కకు అంటే ఏ పక్కకు అన్నది ముఖ్యం. సెంట్రల్ మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 112వ నిబంధన చూడండి. ఎగ్జాస్ట్ వాయువులు కిందికి గానీ, బండికి ఎడమ వైపుకు గానీ వదలకూడదు. పైకో, వెనక్కో, కుడి వైపుకో వదలాలి. మన దగ్గర ఎడమ వైపే కదా మనుషులు నడిచేదీ, బండి ఎక్కేదీ దిగేదీ. మీ పోర్టులు ఎడమ వైపు ఉన్నాయి కాబట్టి లోటస్ పద్ధతిలో వెనక చక్రానికి ముందే పక్కకు వదిలితే నేరుగా ఈ నిబంధనకు తగులుతుంది.

113వ నిబంధన: పెట్రోల్ పైపుకు 35 మి.మీ. లోపల ఎగ్జాస్ట్ పైపు ఉండకూడదు. 120వది: సైలెన్సర్ ఉండి తీరాలి. కార్లకు శబ్ద పరిమితి 74 డెసిబెల్స్. బొబ్బిలి తమ్ముడు చెప్పిన చిన్న క్యాను ఆ దరిదాపులకు రాదు.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పడం మంచిది. ఇంట్లో కట్టిన కారు రోడ్డెక్కాలంటే 126వ నిబంధన కింద ప్రోటోటైపును పుణెలోని ఏఆర్‌ఏఐ లాంటి పరీక్షా సంస్థకు ఇచ్చి ధ్రువపత్రం తెచ్చుకోవాలి. పాత జీపు ఆర్సీ ఈ కొత్త ఛాసీకి చెల్లదు.

నేలబారు_కారు · విజయనగరం

రూలుబుక్కు గారూ, రిజిస్ట్రేషన్ సంగతి తెలిసే మొదలుపెట్టాం. ప్రస్తుతానికి తోటలోనూ, ట్రాలీ మీద ఎక్కించి శ్రీపెరంబుదూరు దగ్గరున్న మద్రాసు ట్రాక్‌కు తీసుకెళ్లీ నడపాలని. కానీ కట్టేది మాత్రం రోడ్డు కారుకు కట్టినట్టే కట్టాలని ఇద్దరం అనుకున్నాం. ఎడమ వైపు నిబంధన మాత్రం నాకు నిజంగా కొత్త. దానితో మా రెండో దారి సగం మూసుకుపోయింది.

గేర్‌బాక్సు వెనక నుంచి అడ్డంగా కుడి వైపుకు దాటించి, డ్రైవర్ వెనక వదిలితే?

సాలూరు_షెడ్డు · సాలూరు

అడ్డంగా దాటాలంటే ప్రొపెల్లర్ షాఫ్టు (గేర్‌బాక్సు నుంచి వెనక యాక్సిల్‌ను తిప్పే ఇరుసు) పైనుంచి దాటాలి, లేదా కింద నుంచి. పైన నీ గేరు రాడ్డు ఉంది. కింద నుంచి అంటే మేడం గారి గీత దాటుతుంది. ఇంకో భయం కూడా ఉంది. ఆ షాఫ్టు క్రాసు (కీలు) ఎప్పుడైనా విరిగితే ఊడిన షాఫ్టు మొదట కొట్టేది ఆ పైపునే. ట్రాలీ ర్యాంపు ఎక్కేటప్పుడు కూడా కారు నడుమే రాసుకుంటుంది. అడ్డం దాటింపు వద్దు.

ఆర్గాన్_తాత · శ్రీకాకుళం

బాబూ, ఏడు రోడ్ల కూడలి దగ్గర షెడ్డులో వెల్డింగ్ పని మొదలుపెట్టి ఇదే పనిలో ముసలివాణ్ని అయ్యాను. పైపు పని గురించి నాకు తెలిసింది చెబుతాను.

దారి ఎడమ పక్క నుంచే తీయండి. చివర మాత్రం మార్చండి. నాలుగు పైపులూ ఇంజిను బేలోనే రెండు జతలుగా కలవాలి. ఆ రెండు పైపులు పక్క రేకులోంచి బయటికి రావాలి. బయట రెండూ ఒకటై, ఎడమ సీటు పక్కన, ఛాసీ ట్యూబుకు ఆనుకోకుండా దాని ఎత్తులోనే సైలెన్సర్ రావాలి. అక్కడ ఆపకుండా వెనక చక్రానికి ముందు లోపలికి తిప్పి, యాక్సిల్ పైనుంచి దాటించి, కారు వెనక రేకు దాటి బయటికి వదలాలి. అప్పుడు పొగ వెనక్కే పోతుంది, నిబంధనా సరిపోతుంది, అడుగునా ఏమీ వేలాడదు.

యాక్సిల్ పైనుంచి అన్నప్పుడు జాక్ పెట్టి యాక్సిల్‌ను బంపు రబ్బరు తగిలేదాకా పైకి లేపి చూడాలి. అలా లేపాక కూడా పైపుకూ యాక్సిల్‌కూ మధ్య 25 మి.మీ. కనీసం ఉండాలి. కారు బరువు లేకుండా షెడ్డులో నిలబెట్టి చూసి సరిపోయిందనుకుంటే మోసపోతారు. ఒక పక్క చక్రం గుంటలో ఉన్నప్పుడు యాక్సిల్ ఏటవాలుగా లేస్తుంది, అదీ చూడండి.

ట్యాంకును నడుమ కాకుండా కుడి వైపుకు జరపండి. పెట్రోల్ పైపు మొత్తం కుడి ఛాసీ ట్యూబు వెంట పోవాలి. 35 మి.మీ. అన్నది చట్టం అడిగే కనీసం. వేడి సంగతి తెలిసినవాడు పెట్రోలునూ ఎగ్జాస్టునూ కారుకు చెరో పక్కన పెడతాడు.

లెక్కల_మేడం · విజయనగరం

తాతగారి దారికే నా ఓటు. వెనక రేకు దాటి బయటికి రావాలన్న మాట వెనక పెద్ద కారణం ఉంది. కారు పరుగెత్తేటప్పుడు దాని వెనక గాలి ఒత్తిడి తగ్గుతుంది. పైకప్పు లేని కారులో సీట్ల దగ్గర కూడా అంతే. పైపు బాడీ కిందే ఆగిపోతే పొగ వెనక్కి పోకుండా సుడి తిరిగి సీట్లలోకి వస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌తో ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. ఓపెన్ కారు కదా, గాలి ఆడుతుంది అనుకోకండి. పైపు చివర రేకు దాటి కనీసం నాలుగైదు సెంటీమీటర్లు బయటికి ఉండాలి. బూటు ఫ్లోరులో కంతలు అన్నీ మూయాలి.

ఇక 4-1, 4-2-1 సంగతి. బొబ్బిలి బాబు చెప్పిన బ్యాక్ ప్రెషర్ మాట సగమే నిజం. అడ్డు తగ్గాలి, నిజమే. కానీ పైపు పొడవూ వ్యాసమూ కుదరకపోతే అడ్డు లేకపోయినా లాభం లేదు. వాల్వు తెరుచుకోగానే ఒక ఒత్తిడి తరంగం పైపులో బయల్దేరుతుంది. వేడి వాయువులో దాని వేగం సెకనుకు 500 నుంచి 600 మీటర్లు. పైపు వెడల్పయ్యే చోట, అంటే పైపులు కలిసే కలెక్టర్ దగ్గర, అది తిరగబడి చూషణ తరంగంగా వెనక్కి వస్తుంది. రెండు వాల్వులూ కాస్త తెరిచి ఉన్న ఆ ఓవర్‌ల్యాప్ సమయానికి అది వాల్వు దగ్గరికి చేరితే, మిగిలిన పొగను లాగేసి కొత్త మిశ్రమాన్ని లోపలికి రప్పిస్తుంది. ఎంత పొడవుకు ఎన్ని ఆర్‌పీఎం దగ్గర ఇది కుదురుతుందన్నదే డిజైను.

ట్యూనర్లు వాడే ఒక పాత సూత్రం ఉంది. ఎగ్జాస్ట్ వాల్వు బీడీసీకి (పిస్టన్ అట్టడుగు స్థానానికి) ఎన్ని డిగ్రీల ముందు తెరుచుకుంటుందో దానికి 180 కలపండి. 850తో గుణించి, మీరు కోరుకునే ఆర్‌పీఎంతో భాగించి, 3 తీసేయండి. వచ్చేది అంగుళాల్లో పొడవు. మీ క్యామ్‌లో (వాల్వులను తెరిచే ఇరుసులో) ఆ డిగ్రీలు ఎన్నో కొలిచారా?

నేలబారు_కారు · విజయనగరం

డిగ్రీ వీల్ పెట్టి కొలిచాం మేడం. 50 డిగ్రీలు వచ్చింది. పవర్ 6000 దగ్గర ఉండాలని మా కోరిక.

లెక్కల_మేడం · విజయనగరం

అయితే 230ని 850తో గుణించి 6000తో భాగిస్తే 32.6. మూడు తీస్తే 29.6 అంగుళాలు, అంటే సుమారు 75 సెం.మీ. అదే 5000కు చేస్తే 92 సెం.మీ. వస్తుంది. మీ ఇంజిను బేలో 92కు చోటు లేదు కాబట్టి 75 దగ్గర ఆగుదాం.

దీనికి జతగా వ్యాసం సూత్రమూ ఉంది. మీ సిలిండర్ ఒక్కోటి 324.5 సీసీ. ఆ లెక్కన ప్రైమరీ పైపు (పోర్టు నుంచి బయల్దేరేది) లోపలి వ్యాసం 33.7 మి.మీ. రావాలి. 4-2-1 అయితే మొదటి భాగం 15 అంగుళాలు, అంటే 38 సెం.మీ. మిగిలిన 37 సెం.మీ. సెకండరీ (జతగా కలిశాక వచ్చే పైపు), దాని లోపలి వ్యాసం 44 మి.మీ. ఆ తర్వాత వెనక్కి పోయే పైపు 45 మి.మీ. సూత్రం దారి చూపిస్తుందంతే, రెండు మూడు సెంటీమీటర్ల తేడాతో కొంప మునగదు.

నేను 4-2-1 అనే చెబుతాను, కారణాలు రెండు. 4-1 పై ఆర్‌పీఎంలో కాస్త ఎక్కువ ఇస్తుంది కానీ మధ్యలో పలచబడుతుంది. 1.3 లీటర్ల ఇంజినుకు మధ్య ఆర్‌పీఎంలోనే ప్రాణం ఉండాలి, మలుపు దాటి గ్యాస్ ఇచ్చినప్పుడు కారు లేవాలంటే అక్కడే బలం కావాలి. రెండోది చోటు. 90 మి.మీ. ఖాళీలో 75 సెం.మీ. పొడవున నాలుగు పైపులు పట్టవు, రెండు పడతాయి. ఫైరింగ్ ఆర్డరు 1-3-4-2 కాబట్టి 1, 4 ఒక జత, 2, 3 ఒక జత. అప్పుడు ఒక్కో జతలో పేలుళ్ల మధ్య సరిగ్గా 360 డిగ్రీల ఎడం ఉంటుంది, ఒకదాని పొగ ఇంకోదానికి అడ్డు రాదు. 1, 2 పక్కపక్కన ఉన్నాయి కదా అని కలిపేస్తే ఈ శ్రమంతా వృథా.

పైడిభీమవరం_ఫిట్టర్ · రణస్థలం

మేడం గారి కొలతలకు బజారులో దొరికే సరుకు చెబుతాను. ఇక్కడ అందరూ పొరపడేది ఒకటుంది. ఒకటిన్నర అంగుళం ట్యూబు వేరు, ఒకటిన్నర అంగుళం పైపు వేరు. ట్యూబు అంటే బయటి వ్యాసమే 38.1 మి.మీ. పైపు అంటే అది నామినల్ కొలత, 40 ఎన్‌బీ అంటాం, దాని బయటి వ్యాసం 48.3. ఫోనులో "ఒకటిన్నర" అని చెప్పి తెప్పించుకుంటే ఏది వస్తుందో చెప్పలేం.

ప్రైమరీకి: డెయిరీ లైన్లలో వాడే 38.1 ఓడీ (బయటి వ్యాసం) ఎస్ఎస్ 304 (స్టెయిన్‌లెస్‌లో ఒక రకం) ట్యూబు, 16 గేజు. లోపల సుమారు 34.9 వస్తుంది, 33.7కు దగ్గర. వీటికి రెడీమేడ్ బెండ్లు దొరుకుతాయి, నున్నగా వంచినవి, వంపులో నొక్కుకుపోయి ఉండవు. మీకు కావాల్సినది అదే. సెకండరీకి, వెనక పైపుకి: 40 ఎన్‌బీ షెడ్యూల్ 5 పైపు, గోడ మందం 1.65. లోపలి వ్యాసం సరిగ్గా 45. రెండింటికీ ఒకే సరుకు సరిపోతుంది.

మా పైడిభీమవరం వైపు మందుల కంపెనీల పైపు పనులు జరిగినప్పుడు కట్ ముక్కలు తుక్కు దుకాణాలకు వస్తాయి. 316 కూడా దొరుకుతుంది. కానీ వాడని కొత్త ముక్కలే తీసుకోండి. లైనులోంచి ఊడదీసిన పైపులో ఏ రసాయనం పారిందో ఎవరికీ తెలియదు, దాన్ని వేడి చేస్తే ఏ పొగ వస్తుందో కూడా తెలియదు. ఎంత చవకగా ఇచ్చినా వద్దు. జీఐ (జింకు పూత వేసిన) పైపు కూడా వద్దు. వెల్డింగ్‌లో జింకు పొగ పీలిస్తే ఆ రాత్రి జ్వరం ఖాయం, ఎగ్జాస్ట్ వేడికి ఆ పూతా నిలవదు.

బారువ_తీరం · సోంపేట మండలం

మైల్డ్ స్టీలు విషయంలో ఒక మాట. మా ఊరు సముద్రం ఒడ్డున. ఇక్కడ మైల్డ్ స్టీలు సైలెన్సర్ ఎంత బాగా రంగు వేసినా ఉప్పు గాలికి నిలవదు. తినేది బయటి నుంచే కాదు, లోపల నుంచి కూడా. ఒక లీటరు పెట్రోల్ కాలితే సుమారు ఒక లీటరు నీరు పుడుతుంది. చిన్న చిన్న దూరాలు తిరిగి ఆపేసే కారులో ఆ నీరు ఆవిరై పోదు, సైలెన్సర్ అడుగున నిలుస్తుంది. మీ కారు ట్రాలీ ఎక్కి దిగే కారు, పైగా మీ సైలెన్సర్ అడ్డంగా పడుకుని ఉంటుంది. దాని అన్నిటికన్నా పల్లమైన చోట 3 మి.మీ. కంత ఒకటి వదలండి.

వేడి తగ్గుతుందని గ్లాసు టేపు చుట్టమని ఎవరైనా చెబుతారు. మన వాతావరణంలో అది తడిని పట్టి ఉంచుతుంది. మైల్డ్ స్టీలుకు అసలే వద్దు. ఆస్బెస్టాస్ తాడు కొన్ని షెడ్లలో ఇంకా చుడుతున్నారు, దాన్ని షెడ్డులోకే రానివ్వకండి, ఊపిరితిత్తులు పాడవుతాయి.

నేలబారు_కారు · విజయనగరం

స్టెయిన్‌లెస్ 304 ఖాయం చేస్తున్నాం. పైడిభీమవరం అన్న చెప్పిన సరుకు లెక్క వేసుకుంటే, ఆర్గాన్ వెల్డింగ్ మనమే కుదుర్చుకుంటే బడ్జెట్‌లోనే పడేలా ఉంది. టేపు వద్దంటే మరి ఎడమ సీటులో కూర్చునేవాళ్ల సంగతేంటి? మా అక్క కూర్చుంటుంది, కాలు బయట పెట్టి దిగేటప్పుడు సైలెన్సర్ తగిలే ప్రమాదం ఉంది. ఇంజిను బేలో బ్రేకు సిలిండర్ కుడి వైపు ఉంది, దానికి ఇబ్బంది లేదు.

ఆర్గాన్_తాత · శ్రీకాకుళం

అడగాల్సిన ప్రశ్న అడిగావు బాబూ. సైలెన్సర్ పైన కంతల రేకు కవచం పెట్టాలి. స్టెయిన్‌లెస్ రేకు, కంతలు కొట్టినది, సైలెన్సర్‌కు 15 మి.మీ. దూరంలో నిలబడాలి. ఆ కవచాన్ని సైలెన్సర్‌కు నేరుగా వెల్డ్ చేయకూడదు, చేస్తే వేడి అంతా దానికి పాకుతుంది. సన్న కాళ్లతో క్లాంపుకు బిగించాలి. ముందు రెండు సెకండరీ పైపులకు కూడా అలాగే, ఎందుకంటే సైలెన్సర్ కన్నా అవే ఎక్కువ కాలుతాయి. లోపల వైపు, అంటే సీటు రేకుకూ సైలెన్సర్‌కూ మధ్య, ఒక మి.మీ. అల్యూమినియం రేకు విడిగా, రెండు పక్కలా గాలి ఆడేలా. ముక్కు భాగం ఫైబర్ అయితే పైపుకు దగ్గరగా పోనివ్వకు. మామూలు పాలిస్టర్ ఫైబర్ వంద డిగ్రీల లోపే మెత్తబడుతుంది, పైపు మాత్రం నాలుగైదు వందల డిగ్రీల్లో ఉంటుంది.

అక్కను సీటులో కుడి వైపు నుంచి దింపడం నేర్పు, అది ఇంకా మంచిది.

లెక్కల_మేడం · విజయనగరం

వేడితో ఇంకో పని ఉంది, పైపు సాగడం. 304 స్టెయిన్‌లెస్ మైల్డ్ స్టీలు కన్నా సుమారు ఒకటిన్నర రెట్లు ఎక్కువ సాగుతుంది. మీ లైను హెడ్డు నుంచి చివర దాకా ఓ 2.6 మీటర్లు ఉంటుందనుకుందాం. సగటున 300 డిగ్రీలు వేడెక్కితే 13 మి.మీ. పొడవు పెరుగుతుంది. రెండు చివర్లా గట్టిగా బిగించేస్తే ఆ 13 మి.మీ. ఎక్కడికి పోవాలి? వెల్డింగ్ పగులుతుంది.

అందుకని హెడ్డు దగ్గర మాత్రమే గట్టి బిగింపు ఉండాలి. సెకండరీలు రెండూ కలిసిన వెంటనే, సైలెన్సర్‌కు ముందు, ఒక అల్లిక ఫ్లెక్సిబుల్ ముక్క పెట్టండి. కారు పొడవునా కూర్చున్న ఇంజిను గ్యాస్ ఇచ్చినప్పుడల్లా పక్కకు ఒరుగుతుంది, ఆ కుదుపు సైలెన్సర్‌కు పాకకుండా అదే ఆపుతుంది. ఆ తర్వాత ఉన్నదంతా రబ్బరు హ్యాంగర్ల మీద వేలాడాలి. పక్క రేకులో పైపులు బయటికి వచ్చే కంతలు కోడిగుడ్డు ఆకారంలో, చుట్టూ 15 మి.మీ. ఖాళీతో కొట్టండి.

బీటు_బాబు · బొబ్బిలి

ఏ రకం సైలెన్సరో ఎవరూ చెప్పలేదు. సరే, సైలెన్సర్ పెట్టాల్సిందే. కానీ పవర్ తినేయకుండా ఏది పెట్టాలి? మంచి సౌండు కూడా కావాలి కదా మేడం, స్పోర్ట్స్ కారు మరి.

లెక్కల_మేడం · విజయనగరం

మంచి ప్రశ్న. రెండు రకాలున్నాయి. లోపల అడ్డుగోడలుండి పొగను అటూ ఇటూ తిప్పేది ఒకటి, అడ్డు ఎక్కువ. కంతల గొట్టం నేరుగా పోయి, చుట్టూ రాక్‌వూల్ లాంటి దూది నింపినది రెండోది, అడ్డు చాలా తక్కువ. మీకు రెండోదే కావాలి. అది కీచు శబ్దాన్ని, అంటే పై ఫ్రీక్వెన్సీలను బాగా మింగేస్తుంది.

కానీ గుమ్మనే కింది శబ్దాన్ని అంతగా ఆపలేదు. నాలుగు సిలిండర్ల ఇంజినులో పేలుళ్ల ఫ్రీక్వెన్సీ కావాలంటే ఆర్‌పీఎంను 30తో భాగించండి. 3600 దగ్గర 120 హెర్ట్జ్. సరిగ్గా హైవే మీద నడిపే వేగానికి చెవుల్లో గుయ్యిమంటుంది. దీనికి మూసిన చివర ఉన్న పక్క గొట్టం ఒకటి తగిలిస్తారు, తరంగం పొడవులో నాలుగో వంతు ఉండాలి. 120 హెర్ట్జ్‌కు అది ఒక మీటరు పైమాటే. మీ కారులో దానికి చోటు లేదు. కాబట్టి ఉన్న చోటునంతా సైలెన్సర్ ఘనపరిమాణానికే ఇవ్వండి. ఎడమ పక్క పొడవు ఉంది కదా, 60 సెం.మీ. పొడవు క్యాను పెట్టండి. ఎత్తు తక్కువ ఉండాలి కాబట్టి గుండ్రంగా కాక అండాకారంలో చేయించండి. యాక్సిల్ దాటాక వెనక రేకు లోపల ఇంకో చిన్నది పెడితే రెండూ కలిసి పని చేస్తాయి. సౌండు మెత్తబడుతుంది కానీ ఇంజిను గొంతు మాత్రం పోదు. మీరు కోరుకునే సౌండు అదే అవుతుంది చూడండి.

బీటు_బాబు · బొబ్బిలి

అర్థమైంది మేడం. నా బండికీ ఇదే చేయించుకుంటాను.

సాలూరు_షెడ్డు · సాలూరు

ఆక్సిజన్ సెన్సర్ మర్చిపోతున్నారు. ఇంజెక్షన్ ఇంజినే కదా?

నేలబారు_కారు · విజయనగరం

అవును అన్నా, ఇంజెక్షనే. పాత మానిఫోల్డ్‌లో సెన్సర్ ఒకటి ఉండేది.

సాలూరు_షెడ్డు · సాలూరు

అయితే సెకండరీలు రెండూ ఒకటైన చోటుకు కాస్త వెనక, ఫ్లెక్సిబుల్ ముక్కకు ముందు, ఎమ్18 పిచ్ 1.5 మర ఉన్న బాసు (సెన్సర్ బిగించే ముక్క) వెల్డ్ చేయించు. అక్కడైతే నాలుగు సిలిండర్ల పొగా దానికి తగులుతుంది. సెన్సర్ అడ్డంగా గానీ కిందికి గానీ ఉండకూడదు, అడ్డం గీత కన్నా కనీసం పది పదిహేను డిగ్రీలు పైకి చూస్తూ బిగించాలి. లేకపోతే బారువ అన్న చెప్పిన ఆ నీరే సెన్సర్ లోపల చేరి, వేడెక్కగానే లోపలి పింగాణీని పగలగొడుతుంది. సెన్సర్‌కు ముందు ఎక్కడా లీకు ఉండకూడదు. చిన్న లీకులోంచి బయటి గాలి లోపలికి వస్తే, మిశ్రమం పలచగా ఉందని ఈసీయూ (ఇంజినును నడిపే కంప్యూటర్) అనుకుని పెట్రోల్ ఎక్కువ పోస్తుంది. మైలేజీ పోయింది, ప్లగ్గులు నల్లబడ్డాయి అని వచ్చే బళ్లలో ఫ్లాంజి (పైపును హెడ్డుకు బిగించే పలక) ప్యాకింగు కాలిపోయినవి ఎన్నో చూశాను.

ఆర్గాన్_తాత · శ్రీకాకుళం

ఇక వెల్డింగ్. ఇది నేను కాస్త వివరంగా చెప్పాలి.

ముందు నమూనా కట్టుకోండి. జీఐ తీగ తీసుకుని ఒక్కో పోర్టు నడుమ నుంచి పైపు పోయే దారిలో వంచండి. తీగ పొడవే పైపు మధ్య గీత పొడవు. నాలుగు తీగలూ విడదీసి నిటారుగా సాగదీసి పక్కపక్కన పెడితే తేడా కంటికి కనిపిస్తుంది. తేడా రెండు సెంటీమీటర్లలోపు ఉంటే చాలు. తీగ కుదిరాకే పైపు కోయాలి.

ఫ్లాంజి 10 మి.మీ. మందం ఉండాలి. సన్నది వాడితే వెల్డింగ్ వేడికి అరటి ఆకులా వంగిపోతుంది. మందమైనది కూడా వంగుతుంది కాబట్టి ఉత్తగా బల్ల మీద పెట్టి వెల్డ్ చేయొద్దు. పాడైపోయిన పాత హెడ్డు ఒకటి సంపాదించి దానికి బిగించి వెల్డ్ చేయాలి. ఒకే పోర్టు చుట్టూ ఒకేసారి తిప్పకుండా, ఒకటో పోర్టు దగ్గర కొంచెం, నాలుగో దగ్గర కొంచెం, మళ్లీ రెండో దగ్గర, ఇలా దూరం దూరంగా. పూర్తిగా చల్లారాకే బోల్టులు విప్పాలి. ఆ తర్వాత మిల్లింగ్‌లో ముఖం చదును చేయించాలి.

స్టెయిన్‌లెస్‌కు ఆర్గాన్ బయట మాత్రమే ఇస్తే సరిపోదు. పైపు లోపల కూడా నింపాలి. చివర్లు అల్యూమినియం ఫాయిల్, టేపుతో మూసి సన్నగా వదులుతూ ఉండాలి. అలా చేయకపోతే లోపల వైపు వెల్డింగ్ నల్లగా, గరుకుగా, పొక్కిపోయి ఉంటుంది. బయటికి ముత్యాల వరసలా కనిపించినా అక్కడే పగులుతుంది, పొగకూ అడ్డు వస్తుంది. ఎస్ఎస్ ముక్కలు ఒకదానికొకటి అతకడానికి 308ఎల్ రాడ్డు, ఎస్ఎస్ పైపును మైల్డ్ స్టీలు ఫ్లాంజికి అతకడానికి 309ఎల్.

ఇది ప్రాణాల మీదికి వచ్చే సంగతి కాబట్టి గట్టిగా చెబుతున్నాను. పైపు తుడవడానికి బ్రేకు క్లీనర్ స్ప్రే వాడొద్దు. క్లోరిన్ ఉన్న క్లీనర్ తడి కొంచెం మిగిలి దాని మీద ఆర్గాన్ ఆర్కు పడితే ఫాస్‌జీన్ అనే విషవాయువు పుడుతుంది. అసిటోన్‌తో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, అప్పుడు పని మొదలుపెట్టండి.

రూలుబుక్కు · శ్రీకాకుళం

క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువులను తగ్గించే డబ్బా) గురించి కూడా ఇప్పుడే ఆలోచించండి. ఎప్పటికైనా ఈ కారును పరీక్షకు పంపాలనుకుంటే అది లేకుండా ఉద్గారాల పరీక్ష దాటదు. తర్వాత పెడదామంటే చోటు ఉండదు.

లెక్కల_మేడం · విజయనగరం

నిజం. ఫ్లెక్సిబుల్ ముక్కకూ పెద్ద సైలెన్సర్‌కూ మధ్య దానికి చోటు వదలండి, రెండు వైపులా ఫ్లాంజిలు పెట్టి. కన్వర్టర్ వేడెక్కితేనే పని చేస్తుంది, అందుకే ఇంజినుకు దగ్గరగా ఉండాలి. ఆ ఫ్లాంజిల పుణ్యమా అని సైలెన్సర్‌ను ఊడదీసి దూది మార్చుకోవడమూ సులువవుతుంది. ఆ దూది కాలక్రమంలో కాలి ఎగిరిపోతుంది.

నేలబారు_కారు · విజయనగరం

అందరి మాటలూ విని బావా నేనూ నిన్న సాయంత్రం నేల మీద చాక్‌పీసుతో గీసి చూశాం. 1, 4 జత పైన, 2, 3 జత కింద పెడితే పక్క రేకులో ఒకే కంత చాలు. యాక్సిల్ కింద జాక్ పెట్టి లేపితే దానికీ పైపుకూ మధ్య 40 మి.మీ. మిగులుతోంది. ట్యాంకు కుడి వైపుకు జరిపాం, దానికి కొత్త బ్రాకెట్లు కావాలి. సంప్ మాత్రం ఛాసీ గీతకు 8 మి.మీ. కిందికి ఉంది. మేడం చెప్పినట్టు ముందు దాని సంగతి చూస్తున్నాం. ఇంజిను మౌంట్ల కింద పలకలు పెట్టి పైకి లేపితే బానెట్‌కు ఇంకా చోటుంది.

ఒక అనుమానం తాతగారూ. ఇంజిను 10 మి.మీ. లేపితే పోర్టులు కూడా లేస్తాయి. తీగ నమూనా ఇప్పుడే కట్టాలా, లేపాక కట్టాలా? ఇంకోటి, నమూనా అయ్యాక వెల్డింగ్ మీ చేతే చేయించుకోవాలని మా ఇద్దరి కోరిక. శ్రీకాకుళం తీసుకొస్తాం.

ఆర్గాన్_తాత · శ్రీకాకుళం

లేపాకే బాబూ. మౌంట్లు చివరిసారి బిగించి, గేర్‌బాక్సు, ప్రొపెల్లర్ షాఫ్టు కోణం చూసుకుని, స్టీరింగ్ రాడ్డు తగలడం లేదని తేల్చుకున్నాకే తీగ పట్టుకో. అప్పటిదాకా పైపు ముక్క కొనొద్దు, కోయొద్దు.

వెల్డింగ్‌కు కారు తేనక్కర్లేదు. ఫ్లాంజి, కోసిన పైపు ముక్కలు, నీ నాలుగు తీగలు తెస్తే చాలు. ముక్కల మీద నంబర్లు, కలిసే చోట గీతలు మార్కరుతో రాసి తీసుకురా. పాత హెడ్డు నీకు దొరక్కపోతే ముందే ఫోను చెయ్యి. మన దగ్గర ఒకటి ఉంది కానీ దాని స్టడ్ల దూరం నీ ఇంజినుకు సరిపోతుందో లేదో కొలిచి చూడాలి.